ఒకే పతా మీద మెహమాన్, మేజ్బాన్

మా ఊరి ఖబ్రస్తాన్‌లో ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పే ఫెహరిస్త్ ఒక్కటే ఉంది. అది అబ్బా టైపు చేసింది. 2000 నుంచి 2011 దాకా, దుకాణంలో పని తక్కువున్న రోజుల్లో, బుజుర్గులను పక్కన కూర్చోబెట్టుకుని అడిగి రాసింది. ఎన్నో వరస, వేపచెట్టు నుంచి ఎన్నో ఖబర్, ఎవరి బేటా, ఎవరి బీవీ, తెలిస్తే తారీఖ్. దాని ప్రింటు కాపీ కమిటీ బీరువాలో ఉండేది. చెదలు తినేశాయి. ఇప్పుడు పక్క జాగా వాళ్లతో హద్దు తకరార్ నడుస్తోంది. ‘ఈ మూల ఖబర్లున్నాయని కాగితం ఏది?’ అని సర్వేకి వచ్చినవాళ్లు అడుగుతున్నారు. మూలనున్న ఖబర్లు కచ్చావి. రెండు వానలకు నేలతో కలిసిపోయినవి. రాళ్లు లేవు. కాగితమే గవాహి.

ఆ కాగితం అబ్బా పాత కంప్యూటర్‌లో ఉంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా కంప్యూటర్ ముచ్చటే. మీ ఇళ్లలో కూడా అటకమీద ఇలాంటి డబ్బా ఒకటి ఉంటుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. ఎవరికో షాదీ రుఖాలు, ఎవరికో దుకాణం హిసాబు, ఎవరికో మరహూం వాలిద్ రాసుకున్న షేర్లు అందులో ఇరుక్కుని ఉంటాయి.

ఫైలు ఇన్‌పేజ్‌ది. ఉర్దూ డీటీపీ చేసినవాళ్లకు దాని సంగతి చెప్పక్కర్లేదు. 1994లో వచ్చింది. అంతకుముందు 1981లో మీర్జా అహ్మద్ జమీల్ సాబ్ మోనోటైప్‌తో కలిసి తయారుచేసిన నూరీ నస్తాలీఖ్ ఖత్ అందులో ఉండేది. కాతిబ్ చేతిరాతలా వాలుగా దిగే హర్ఫులు తెరమీద కనపడటం మా అబ్బా తరానికి కరామత్ లాంటిది. కానీ ఆ పాత ఫైళ్లలో ఉన్నది ఇవాళ్టి యూనికోడ్ కాదు, దాని సొంత లిపి లెక్క. వేరే ప్రోగ్రామ్‌లో తెరిస్తే పిచ్చిగీతలు. మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయిగానీ నుఖ్తా ఒకటి జారితే పేరే మారిపోతుంది. ఖబ్రస్తాన్ ఫెహరిస్త్‌లో పేరు మారితే ఎట్లా? అస్లీ పేజీ కళ్లముందు పెట్టుకుని సరిచూడాలి.

మా భాంజా ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు ఆ పాత హార్డ్‌డిస్కుని అచ్చంగా ఒక ఫైలుగా కాపీ చేసి, తన లాప్‌టాప్‌లో క్యూఎము అనే ఎమ్యులేటర్ పెట్టి, అందులో నిలబెట్టాడు. ఫాబ్రిస్ బెలార్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ 2003లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. లాప్‌టాప్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నటిస్తుంది. పాత విండోస్ 98 తాను ఇంకా దుకాణం బల్లమీదే ఉన్నాననుకుని లేస్తుంది. అబ్బా పెట్టుకున్న నీలం వాల్‌పేపర్‌తో సహా లేచింది. మా ఆపా కాసేపు వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఈ లోపలి సిస్టమ్‌ని గెస్ట్ అంటారు, బయటి లాప్‌టాప్‌ని హోస్ట్ అంటారు. మెహమాన్, మేజ్బాన్. మన ఇళ్లలో ఈ రెండు మాటలు రోజూ తిరిగేవే కనక వాటితోనే చెప్తా.

ఫైలుని డిస్కులోంచి బయటికి లాగడం పెద్ద పని కాదు. మెహమాన్ నిద్రపోతున్నప్పుడు డిస్కు ఫైలుని లాప్‌టాప్‌లోనే తెరిచి తీసుకోవచ్చు. కాకపోతే ఆ ఫైలు మెహమాన్ దగ్గరున్న ఇన్‌పేజ్‌లోనే తెరుచుకుంటుంది. పేజీ తెరిచి, బుజుర్గులు చెప్పిన దిద్దుబాటు చేసి, పేజీని బొమ్మగా మార్చి, బయటికి పంపి, ప్రింటు తీసి చూపించాలి. అలా 300 పైగా పేజీలు. ప్రతిసారీ మెహమాన్‌ని పడుకోబెట్టి డిస్కు తెరవాలంటే తెల్లారిపోతుంది. మెహమాన్ మేలుకుని ఉండగా బయటినుంచి కూడా అదే డిస్కు మీద చెయ్యి పెడితే డిస్కే పాడవుతుంది. ఫ్లాపీలో పెడదామంటే 1.44 ఎంబీ. అందుకని ఇద్దరి మధ్యా నెట్‌వర్క్ కావాల్సి వచ్చింది. తకరార్ అంతా అక్కడే మొదలైంది.

మా భాంజా ముందు మెహమాన్‌ని నేరుగా ఇంటి నెట్‌వర్క్‌లోకి దింపాడు. బ్రిడ్జ్ అంటారు దాన్ని. ఇంట్లో ఫోన్లు, టీవీ ఎట్లానో, ఆ నఖ్లీ కంప్యూటర్ కూడా వాటి మధ్య ఒకటిగా అట్లా కూర్చుంటుంది. దానికో పతా కావాలి కదా. అబ్బా కేబినెట్ మీద అతికించిన చీటీ ఇంకా ఉంది, ఆయన ముత్యాల్లాంటి రాతలో: 192.168.0.1. వాడు దాన్నే మెహమాన్‌కి టైపు చేశాడు. అబ్బా మెషీన్‌కి ఆ అంకె ఊరికే రాలేదు. విండోస్ 98 రెండో ఎడిషన్‌లో ఒక కంప్యూటర్‌కున్న ఇంటర్నెట్‌ని పక్కదానికి పంచే ఏర్పాటు ఉండేది, పంచే మెషీన్ 192.168.0.1 పెట్టుకునేది. దుకాణంలో అబ్బా మెషీనే పెద్దది, రెండోదానికి డయలప్ నెట్ అందించేది. ఇప్పుడు ఆ పెద్దరికం ఇంట్లో రౌటర్‌ది. దాని పతా కూడా 192.168.0.1.

విండోస్ 98 లేస్తూనే ‘ఈ పతా నాది’ అని గల్లీ అంతా వినపడేలా కేక వేస్తుంది. 1982 నాటి ఏఆర్‌పీ పద్ధతి అది. ఫలానా అంకె ఎవరిదని అడిగితే ఆ మెషీన్ తన హార్డ్‌వేర్ నంబరు చెప్పడమే దాని పని. రౌటర్ వెంటనే ‘నేనున్నాను ఇక్కడ’ అంటుంది. మెహమాన్ తెరమీద తకరార్ పెట్టె వస్తుంది, అవతలివాడి హార్డ్‌వేర్ నంబరుతో సహా. ఆ కేక విన్న ఫోన్లు కొన్ని కాసేపు తికమకపడి రౌటర్‌కి పోవాల్సిన డాక్ మెహమాన్ గుమ్మంలో వేస్తాయి. ‘మామూ, అబ్బాజాన్ కంప్యూటర్ లేచినప్పుడల్లా ఇంట్లో నెట్‌కి ఎక్కిళ్లు వస్తున్నాయ్’ అని వాడు ఫోన్ చేసింది అప్పుడే. నేను కంపెనీల్లో నెట్‌వర్క్‌లు చూసే పనిలో ఉన్నా. ఆ పెట్టెలోని హార్డ్‌వేర్ నంబరు చదవరా అన్నా. చదివాడు. రౌటర్ అడుగున స్టిక్కర్ చూడరా అన్నా. అదే నంబరు. ఒక మర్జ్ దొరికింది.

పతా అనే మాటకి ఉర్దూలో చిరునామా అనీ అర్థం, తెలియడం అనీ అర్థం. నెట్‌వర్క్ పనిలో సగం రోజులు ‘పతా నహీ’ తోనే గడుస్తాయి, రెండర్థాల్లోనూ.

తర్వాత వాడు ఖాలీగా ఉందనుకున్న అంకె వెతికాడు. 192.168.0.7కి పింగ్ కొట్టాడు, జవాబు రాలేదు. మెహమాన్‌కి ఇచ్చాడు. ఆ రాత్రంతా బాగా నడిచింది. పొద్దున లాప్‌టాప్ తెరిచాక మళ్లీ మెహమాన్ దొరకలేదు. విచిత్రమేమంటే 7కి పింగ్ కొడితే జవాబు వస్తోంది! ఎంత సేపట్లో వస్తోందిరా అంటే ‘0.04 మిల్లీ సెకన్లు’ అన్నాడు. అంత వేగంగా జవాబిచ్చేది ప్రపంచంలో ఒక్కరే, మనకు మనమే. రాత్రి మెహమాన్‌కి ఇచ్చిన అంకెని పొద్దున రౌటర్ లాప్‌టాప్‌కే ఇచ్చేసింది. మెహమాన్ అప్పుడు నిద్రలో ఉంది, రౌటర్‌కి ఆ మకాన్ ఖాలీగా కనపడింది. మేజ్బాన్ పిలుస్తున్నాడు, తానే పలుకుతున్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి: మెహమాన్‌కి కొట్టిన పింగ్ మరీ తొందరగా తిరిగొస్తే, లాప్‌టాప్ పతా ఏంటో ఒకసారి చూడాలి. ఇక పింగ్‌కి జవాబు రాలేదంటే ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరనే. మకాన్ ఎవరిదీ కాదని కాదు. తాళం వేసిన ఇల్లు ఖాలీ ఇల్లు కాదన్నది మన బస్తీలో చిన్నపిల్లలకూ తెలుసు.

చేత్తో పతా ఇవ్వాలంటే రౌటర్ పంచే అంకెల వరస బయట ఇవ్వాలి, లేదంటే రౌటర్‌తోనే ఇప్పించుకోవాలి. వాడు రెండోది చేశాడు. ఇంకో వారం హాయిగా గడిచింది. ఈలోగా పని తొందరగా అవుతుందని వాడి దోస్త్ ఒకడు సాయానికి వచ్చాడు. డిస్కు కాపీ, క్యూఎము నడిపే ఆదేశాలు అన్నీ యథాతథంగా తన లాప్‌టాప్‌లోకి తీసుకుని, మా ఇంట్లోనే ఎదురెదురుగా కూర్చుని మొదలుపెట్టారు. సగం పేజీలు పోవు. ఒకడిది పోతే ఇంకొకడిది ఆగుతుంది. తకరార్ పెట్టె మాత్రం రాదు.

ఈ ఖామోషీయే నన్ను లాగింది. ఇద్దరి మెహమాన్ల హార్డ్‌వేర్ నంబర్లు పంపించుకున్నా. రెండూ 52:54:00:12:34:56. మనం వేరే చెప్పకపోతే క్యూఎము ప్రతి నఖ్లీ కార్డుకీ మొదట ఈ నంబరే ఇస్తుంది. చివర 12, 34, 56 చూస్తేనే నవ్వొస్తుంది, దుకాణంలో తాళానికి పెట్టే నంబరులాగా. హార్డ్‌వేర్ నంబరు ఒకటే కనక రౌటర్‌కి ఇద్దరూ ఒకరే. ఇద్దరికీ ఒకే పతా ఇచ్చింది. అవతలివాడి కేక విన్నా ‘అది నా గొంతే కదా’ అనుకుంటుంది విండోస్. ఝగడా పడటానికి ఎదుటివాడు వేరేవాడని తెలియాలి కదా! మా గల్లీలో ఇద్దరు షేక్ మస్తాన్‌లు ఉండేవారు, ఇద్దరి నాన్నలూ ఖాసింలే. పోస్ట్‌మ్యాన్ దగ్గర ఎవరు ఎదురుపడితే వాళ్లకే మనీఆర్డర్. అదే ఇక్కడ జరిగింది. ఇలాజ్ చిన్నదే. మొదటి మూడు జతలు అలాగే ఉంచి, చివరి అంకెలు ఒక్కో మెహమాన్‌కి వేరు చేస్తే చాలు.

అయినా పాతికేళ్ల నాటి విండోస్‌ని ఇంటి నెట్‌వర్క్‌లో బహిరంగంగా కూర్చోబెట్టడం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. దాని తలుపులకు గొళ్లేలు లేవు. సెలవుకి ఊరెళ్లినప్పుడు బ్రిడ్జ్ తీయించేసి క్యూఎము సొంత పద్ధతిలోకి మార్చా. అందులో మెహమాన్‌కి లాప్‌టాప్ లోపలే ఒక నఖ్లీ మొహల్లా తయారవుతుంది. మెహమాన్ 10.0.2.15, మేజ్బాన్ 10.0.2.2, పేర్లకు పతాలు చెప్పే నౌకరు 10.0.2.3. ఈ మొహల్లా వెనుక పనిచేసే కోడ్ పేరు స్లర్ప్. 1990ల నడుమ, డయలప్‌లో ఒట్టి అక్షరాల తెర మాత్రమే దొరికే కాలేజీ పిల్లలు ఆ సన్నని దారిలోంచే పూర్తి ఇంటర్నెట్ వాడుకోవడానికి పుట్టిన ప్రోగ్రామ్ అది. వర్చువల్‌బాక్స్ వాడేవాళ్లకూ మామూలుగా ఇవే అంకెలు కనపడతాయి. బయటివాళ్లు తమంతట తాము మెహమాన్ దాకా రాలేరు, మెహమాన్ మాత్రం బయటికి వెళ్లగలడు. పర్దా లాంటి ఇంతెజాం.

లాప్‌టాప్‌లో ఫైలు అప్‌లోడ్ చేసే చిన్న వెబ్ పేజీ పెట్టా. మెహమాన్ దగ్గరున్న ముసలి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో దాన్ని తెరిచి, పేజీ బొమ్మ ఎక్కించాం. ఒక్క తడవలో వెళ్లింది. ఇంట్లో రెండు రోజులు ఏ అడ్డంకీ లేదు.

మూడో రోజు అంతా మూటగట్టుకుని ఒక దోస్త్ ప్రింటింగ్ దుకాణానికి వెళ్లాం. అక్కడ పెద్ద ప్రింటర్ ఉంది. కుర్చీలున్నాయి. సదర్ సాబ్, ఇంకో ఇద్దరు చాచాలు వచ్చి కూర్చుంటామన్నారు. దుకాణం కంప్యూటర్ మీదే అప్‌లోడ్ పేజీ పెట్టా, ఎక్కిన బొమ్మ ఎక్కినట్టే ప్రింటరుకి పోయేలా. మా లాప్‌టాప్‌లో ఆ పేజీ తెరుచుకుంది. మెహమాన్‌లో తెరుచుకోలేదు. చాయ్ వచ్చింది, చల్లారింది. తకరార్ పెట్టె లేదు, ఎక్కిళ్లు లేవు. మెహమాన్‌లోంచి దుకాణం కంప్యూటర్‌కి పింగ్ కొడితే జవాబు కూడా వస్తోంది! మా భాంజా ‘పింగ్ వస్తోంది మామూ, నెట్‌వర్క్ బాగానే ఉంది, బ్రౌజర్‌దే ఖరాబీ’ అన్నాడు. చాలామంది అక్కడే ఆగిపోతారు, వెళ్లి బ్రౌజర్ మీద పడతారు.

లాప్‌టాప్ తీగ పీకెయ్యరా అన్నా. వైఫై కూడా ఆపించా. మళ్లీ పింగ్ కొట్టించా. తీగ నేలమీద ఉంది. పింగ్‌కి జవాబు వస్తూనే ఉంది.

చాచాలు కూడా వంగి చూశారు. తీగే లేకుండా దుకాణం కంప్యూటర్ ఎట్లా పలుకుతుంది? పలికేది అది కాదు. ఆ దుకాణం నెట్‌వర్క్ అంతా 10.0.2తో మొదలయ్యే అంకెలే. మా లాప్‌టాప్‌కి అక్కడ 10.0.2.40 దొరికింది, వాళ్ల పెద్ద కంప్యూటర్ 10.0.2.3. మెహమాన్ ఉన్న నఖ్లీ మొహల్లాలో 10.0.2.3 అంటే ఇంట్లోని నౌకరు. మెహమాన్ దుకాణం కంప్యూటర్‌ని పిలిస్తే ‘హాజిర్’ అని లోపలి నౌకరు జవాబిస్తున్నాడు. పింగ్‌కి జవాబివ్వడం వాడికి తెలుసు, మా పేజీ చూపించడం తెలియదు. 10.0.2తో మొదలయ్యే అస్లీ గల్లీలో ఇంకెవరిని పిలిచినా అంతే, కేక ఇంటి గోడ దాటదు. మనవాళ్లే కదా, పక్కగదిలో ఉంటారని మెహమాన్ లోపలే వెతుకుతాడు. బయటికి దారి అడగనే అడగడు.

ఎవరి తప్పూ కాదు ఇది. నాలుగు అంకెల ఈ పతాలు మొత్తం 429 కోట్లే. ప్రపంచానికి చాలవని 1996లోనే కొన్ని వరసలు ఇంటింటి వాడకానికి వదిలేశారు: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. అందుకే ప్రతి ఊళ్లో ఒక మసీదు గల్లీ ఉన్నట్టు ప్రతి ఇంట్లో ఒక 192.168.0.1 ఉంది. రెండు ఊళ్లు వేరువేరుగా ఉన్నంతకాలం ఏ పరేషానీ లేదు. ఎమ్యులేటర్ చేసేది ఒక ఊరిని ఇంకో ఊరి కడుపులో పెట్టడం. గల్లీ పేర్లు కలిశాయా, డాక్ పోదు. పోలేదని కూడా ఎవరూ చెప్పరు.

దుకాణం అంకెలు మార్చమనడం బాగుండదు. మెహమాన్ మొహల్లానే మార్చా. క్యూఎముని నడిపే ఆదేశంలో నెట్ అని ఒక మాట చేర్చి, దాని ఎదుట 192.168.76.0/24 అని రాస్తే చాలు. ఎక్కడా ఎక్కువగా తగలని వరస కనక అది తీసుకున్నా. వర్చువల్‌బాక్స్‌లోనూ ఇలా మార్చుకునే వీలుంది. ఆ తర్వాత మెహమాన్‌ని మళ్లీ లేపి, విన్‌ఐపీసీఎఫ్‌జీ అనే పాత పెట్టె తెరిచి పతా చూశాం. 192.168.76.15. మేజ్బాన్ 76.2కి జరిగాడు, నౌకరు 76.3కి. ఇప్పుడు 10.0.2.3 అంటే మెహమాన్‌కి పరాయి ఊరు. దారి అడిగాడు, మేజ్బాన్ బయటికి తీసుకెళ్లాడు, పేజీ తెరుచుకుంది. మొదటి కాగితం ప్రింటర్‌లోంచి వేడిగా వచ్చింది.

సదర్ సాబ్ అద్దాలు తుడుచుకుని చదవడం మొదలుపెట్టారు. మూల వైపు నాలుగు వరసలు, 61 పేర్లు. అబ్బా ఒక్కో పేరు పక్కన ఆ మాట ఎవరు చెప్పారో కూడా రాశారు: ఫలానా గోర్కన్ చెప్పాడు, ఫలానా బేవా చెప్పింది. పేరు తెలియని చోట ‘నామాలూం, బచ్చా’ అని రాసి వదిలారు. అలాంటివి 7 ఉన్నాయి. ఒక చాచా తన అమ్మీ పేరు దగ్గర వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. మా భాంజా చివరి పేజీ దాకా వెళ్లి వాళ్ల అబ్బాజాన్ పేరు వెతికాడు. ఉండదు కదా. ఫెహరిస్త్ ఆయనతోనే ఆగింది. తర్వాత పోయినవాళ్లను రాసేవాళ్లు లేరు, అందులో ఆయనా ఒకరు. ఆ ఖాలీ వరసలో ఆయన పేరు ఇన్‌పేజ్‌లోనే, అదే ఖత్‌లో, వాడే టైపు చేశాడు. కీబోర్డు మీద ఉర్దూ హర్ఫులు ఎక్కడున్నాయో తెలియక ఒక్కో అక్షరం నన్ను అడుగుతూ చేశాడు.

మెహమాన్ మొహల్లా అంకెలు ఇప్పుడు లాప్‌టాప్ మూత మీద చీటీ రాసి అతికించాం, అబ్బా చీటీ పక్కనే. పాతదాన్ని కేబినెట్ నుంచి ఊడదీస్తే చిరుగుతుందేమోనని ఆపా భయపడింది గానీ చిరగలేదు.

దోస్త్ దుకాణానికి జుమేరాత్ సెలవు, కుర్చీలన్నీ మనకే. ఇప్పటికి 8 వరసలు సరిచూశాం. 9వ వరసలో ఒకే పేరు, ఒకే వాలిద్ పేరు రెండుసార్లు వచ్చింది. ఇద్దరు మనుషులా, ఒకరినే రెండుసార్లు రాశారా అన్నది ఆ మొహల్లాలో పెద్దావిడ ఒకరికి తెలుసట. వచ్చే జుమేరాత్ ఆవిడని తీసుకొస్తామన్నారు.